స్కాన్ చేస్తే సరిపోదు, ప్రతిని పట్టి చూడాలి

కోటికి పైగా రాతప్రతుల సర్వే, పరిరక్షణ కోసం 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ సంగతి తెలిసిందే. మంచి పని, ఆలస్యంగానైనా మొదలైంది. హైదరాబాద్‌లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో, పాత అసఫియా లైబ్రరీ ప్రతులు చేరిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో అరబ్బీ, ఫార్సీ ప్రతులు వేలల్లో ఉన్నాయి. వాటిని ఫొటోలు తీసేస్తే కేటలాగింగ్, అంటే ఒక్కో ప్రతి వివరాలు నమోదు చేసే పని, అయిపోయినట్టే అనుకుంటే మాత్రం మళ్లీ దిద్దుకోలేని తప్పు చేస్తాం.

ఒక ప్రతిని చేతిలోకి తీసుకోండి. కాగితం నున్నగా మెరుస్తుంది. గంజి పూసి, ఆరాక రాయితో రుద్ది మెరుగుపెట్టారు, కలం సాఫీగా సాగడానికి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఒక్కోసారి మూడు నెలవంకల గుర్తు కనిపిస్తుంది. ఇటలీలో తయారై ఒట్టోమన్ బజార్లకు చేరిన కాగితం అది. పేజీని వేలితో తడిమితే పంక్తి పంక్తికీ సన్నటి గాడి తగులుతుంది. అట్ట మీద వరసగా దారాలు బిగించి, దానిపై కాగితం పెట్టి నొక్కిన గుర్తులవి. ఆ అట్టను మిస్తర్ అంటారు. పైనుంచి తీసిన ఫొటోలో ఇవేవీ సరిగా పడవు.

మొదటి, చివరి పేజీల సంగతి మరీ ముఖ్యం. అసలు గ్రంథం అక్కడ ఉండదు కాబట్టి ఖాళీ పేజీలని వదిలేసే ప్రమాదం ఉంది. కానీ యజమానుల ముద్రలు, కొన్న ధరలు, రాజుగారి గ్రంథాలయంలో తనిఖీ చేసినట్టు రాసిన ‘అర్జ్ దీదా’ ముక్కలు ఉండేది అక్కడే. 1687లో గోల్కొండ పడిపోయాక ఒక పుస్తకం ఎవరెవరి చేతులు మారిందో ఆ పేజీయే చెప్పాలి. పురుగు పట్టకూడదని ‘యా కబీకజ్’ అని రాసుకున్న వేడుకోలు కనిపించేదీ ఎక్కువగా అక్కడే.

చివరికి పురుగు తొలిచిన చిల్లు కూడా సాక్ష్యమే. పది ఆకుల్లో ఒకే చోట చిల్లు ఉండి, మధ్యలో ఒక్క ఆకుకి లేకపోతే, ఆ ఆకు తర్వాత వచ్చి చేరిందేమో అని అనుమానించాలి. పేజీ అడుగున రాసే తర్వాతి పేజీ మొదటి మాట కూడా కలవకపోతే ఆ అనుమానం బలపడినట్టే. ఇదంతా కేటలాగులో రాయకపోతే ఏ పరిశోధకుడికీ అందదు.

ముందు ఫొటోలు తీసేద్దాం, వివరాలు తర్వాత చూసుకోవచ్చని కొందరంటారు. 2013లో ఆఫ్రికాలోని మాలి దేశంలో, టింబక్టు నగరంలో మిలిటెంట్లు ప్రతులు తగలబెట్టాక ఆ టెన్షన్ నాకూ ఉంది. ఫొటోలు తీయండి, వద్దనడం లేదు. కానీ ఆ ‘తర్వాత’ వచ్చేలోపు రిపేరు పేరుతో పాత తోలు అట్ట ఊడిపోతుంది, అంచులు కత్తిరిస్తారు, కొత్త బైండింగ్ పడుతుంది. అప్పుడు రాయడానికి ఏం మిగులుతుంది?

అసలు ప్రశ్న, ఇవన్నీ చూసి రాసేవాళ్లెవరు? 1880ల్లో ఉర్దూ వచ్చేదాకా నిజాం రాజ్యంలో పాలనా భాష ఫార్సీ. కాగితం, కలం, వసూలు, జమాబందీ అని రోజూ అంటాం, ఆ భాషని మాత్రం పరాయిది చేసుకున్నాం. తెలంగాణ ఊళ్ల చరిత్ర, భూముల చరిత్ర అందులో ఉంటే చదవగలిగినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. తాటాకు ప్రతుల విషయంలోనూ ఇదే కథ, పాత తెలుగు లిపి చదివే పిల్లలేరీ?

ఉర్దూ చదివిన మన పిల్లలకి లిపి ఇప్పటికే వచ్చు. రెండేళ్లు జీతమిచ్చి ఫార్సీ, కాగితం, సిరా, బైండింగ్ నేర్పిస్తే ఈ పనికి వాళ్లే పనికొస్తారు. మిషన్ డబ్బులో కెమెరాలకెంత, వీళ్ల జీతాలకెంత అన్నది టెండర్లు పిలవకముందే తేల్చాలి.