ఒక్క లైను కోడుతో గెలాక్సీల గుట్టు రట్టు కాదు

మళ్లీ వచ్చింది. పొద్దున కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో, మధ్యాహ్నం గుంటూరు ఫిజిక్స్ లెక్చరర్ల గ్రూపులో, రాత్రికి విజయవాడలో ఉన్న మా తోడల్లుడి నుంచి. "గెలాక్సీ సిమ్యులేషన్ల గుట్టు రట్టు, అందరికీ పంపండి" అనే ఐదు పాయింట్ల మెసేజ్. సిమ్యులేషన్ అంటే కంప్యూటర్లో కణాలతో కట్టిన నకలు గెలాక్సీ. కేంద్రం నుంచి ఒక్కో దూరంలో నక్షత్రాల వేగాలు ఎంత చెదిరి ఉన్నాయో చూపే గీతలు (వెలాసిటీ డిస్పర్షన్ ప్రొఫైల్స్) కట్టే పైన్‌బాడీ, వైటీ లాంటి సాఫ్ట్‌వేర్లు కాకి లెక్కలు చెబుతున్నాయని, కంటికి కనిపించని పదార్థమనే డార్క్ మ్యాటర్ అంతా ఆ లెక్కల్లోంచి పుట్టిందేనని దాని సారాంశం. తోడల్లుడికైతే "అలాగా" అని ఊరుకునేవాణ్ణి. కానీ ఎమ్మెస్సీ పిల్లలు దీన్ని నమ్మి ప్రాజెక్టులు చేస్తున్నారు. ఇక ఊరుకోవడం కుదరదు.

మొదటి పాయింటు: "నక్షత్రాల సగటు వేగం సున్నా వస్తుంటే సాఫ్ట్‌వేర్ 200 కి.మీ. చూపిస్తోంది." బందరు రోడ్డు మీద బెంజి సర్కిల్ దగ్గర సగం బళ్లు ఇటు 40లో, సగం అటు 40లో పోతుంటే, దిశ కూడా కలిపి లెక్కేస్తే సగటు సున్నా. ట్రాఫిక్ ఆగిపోయిందని ఎవరైనా అంటారా? డిస్పర్షన్ చెప్పేది ఆ 40 సంగతి. వేగాల వర్గాల సగటులోంచి సగటు వేగానికి వర్గాన్ని తీసేసి వర్గమూలం కట్టడం డిగ్రీ స్టాటిస్టిక్స్. ఇందులో మోసం ఎక్కడుంది?

నాలుగో పాయింటు: "డార్క్ మ్యాటర్ సాఫ్ట్‌వేర్‌లోంచే పుట్టింది." ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గెలాక్సీ గుంపు మీద పేపరు అచ్చేసింది 1933లో. అక్కడి గెలాక్సీల వేగాలు సెకనుకు 1000 కి.మీ. మేర చెదిరి ఉన్నాయని, కంటికి కనిపించే పదార్థం ఒక్కటే ఆ గుంపును పట్టి ఉంచలేదని లెక్కగట్టి చూపాడు. వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా కొలతలు 1970లో వచ్చాయి. ఈ సాఫ్ట్‌వేర్లు వాడే పైథాన్ భాష బయటికొచ్చిందే 1991లో. ఇక దీని గురించి మాట్లాడేదేం లేదు.

మూడోది: "కేంద్రం దగ్గర గీత ఉన్నట్టుండి సున్నాకి పడిపోతుంది, అక్కడి డేటా దాచేస్తున్నారు." గీత కోసం గెలాక్సీని కేంద్రం నుంచి దూరాన్ని బట్టి ముక్కలు (బిన్నులు) చేస్తారు. ఒక బిన్నులో ఒక్క కణమే ఉంటే దాని డిస్పర్షన్ సున్నా కాక ఏమవుతుంది? ఇంకో కారణమూ ఉంది. రెండు పెద్ద అంకెల మధ్య తేడా మరీ చిన్నదైతే కంప్యూటర్ దశాంశాలని కుదించడం (రౌండాఫ్) వల్ల అది మైనస్‌లోకి జారుతుంది, వర్గమూలం రాదు. పైన్‌బాడీ అలాంటి చోట సున్నా పెడుతుంది. కోడ్ అందరికీ తెరిచే ఉంది, చూసుకోవచ్చు. అసలు టీఎన్‌జీ100 లాంటి సిమ్యులేషన్‌లో ఒక్కో నక్షత్ర కణం దాదాపు 14 లక్షల సూర్యుల బరువు, కణాల మధ్య గురుత్వాకర్షణను కావాలనే మెత్తబరిచే దూరం సుమారు 2,400 కాంతి సంవత్సరాలు. ఆ దూరం లోపల గీత ఎటు పోయినా నమ్మొద్దని ఈ పని చేసేవాళ్లే చెబుతారు. దాచేవాళ్లు ఆ మాట ఎందుకు చెబుతారు?

ఇక ఐదోది. నాకు ఒళ్లు మండింది దీనికే. "ప్రొఫైల్ ఫంక్షన్లు మాయ. స్నాప్‌షాట్ ఫైల్లోంచి వేగాల కాలమ్ తీసి నంపైలో ఒక్క లైను ఎస్‌టీడీ కొట్టండి, నిజం మీకే తెలుస్తుంది." స్నాప్‌షాట్ అంటే సిమ్యులేషన్‌లో ఒక క్షణాన్ని దాచిన ఫైలు, నంపై పైథాన్‌లో లెక్కల సాధనం, ఎస్‌టీడీ అంటే స్టాండర్డ్ డీవియేషన్. ఒక్క లైనుతో పోతుందంటే పిల్లలకి ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఆ ఒక్క లైను ఏం చేస్తుందో చూడండి.

పాలపుంత లాంటి డిస్కులో ఒక వలయం తీసుకుందాం. నక్షత్రాలు సెకనుకు 220 కి.మీ. వేగంతో చుట్టూ తిరుగుతున్నాయి, అసలు చెదురు 30 మాత్రమే. ఎక్స్ దిశ వేగాల మీద ఎస్‌టీడీ కొడితే వచ్చేది 158. వలయంలో ఒక పక్కవి ఇటు వస్తుంటే ఎదురు పక్కవి అటు పోతుంటాయి కదా, ఆ తిరుగుడంతా చెదురులో కలిసిపోయింది. అందుకే ముందు డిస్కును చదునుగా తిప్పుకుని, వేగాన్ని కేంద్రం నుంచి బయటికి, చుట్టూ, పైకీ కిందికీ అని మూడు భాగాలు చేసి, దేని డిస్పర్షన్ దానికి విడిగా కడతారు.

సరే, బయటికి పోయే వేగమే తీసుకున్నారనుకోండి. గెలాక్సీ మొత్తం సిమ్యులేషన్ పెట్టెలో సెకనుకు 300 కి.మీ. వేగంతో పోతోంది. దాన్ని తీసేయకపోతే ముందు వైపు కణాలకి 300 కలుస్తుంది, వెనక వైపు వాటికి మైనస్ 300, సరిగ్గా పక్కనున్న వాటికి ఏమీ కలవదు. గోళం మొత్తం మీద ఇది 173 కి.మీ. దొంగ చెదురు. అసలు సిగ్మా (డిస్పర్షన్‌కి వాడే గుర్తు) 100 ఉంటే 200 అని వస్తుంది. ప్రొఫైల్ కట్టే ముందు చేసే సెంటరింగ్ గెలాక్సీ కేంద్రాన్ని సున్నాకి తెచ్చి, ఆ 300ని కూడా తీసేస్తుంది.

మూడో ప్రమాదం వీటన్నిటికన్నా ఘోరం. గాడ్జెట్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాం తరహా ఫైళ్లలో వేగాన్ని ఉన్నదున్నట్టు రాయరు, స్కేల్ ఫ్యాక్టర్ (ఇప్పటితో పోలిస్తే అప్పటి విశ్వం ఎంత సైజో చెప్పే అంకె) వర్గమూలంతో భాగించి రాస్తారు. రెడ్‌షిఫ్ట్ 3 దగ్గర, అంటే విశ్వం ఇప్పటి సైజులో నాలుగో వంతున్న కాలంలో, స్కేల్ ఫ్యాక్టర్ 0.25, వర్గమూలం 0.5. అంటే కాలమ్‌లో ఉన్న అంకె అసలు వేగానికి రెట్టింపు. యూనిట్లు చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని సరిచేస్తుంది, మీ ఒక్క లైను చేయదు. ద్రవ్యరాశి సిగ్మా వర్గాన్ని బట్టి వస్తుంది కాబట్టి ఆ గెలాక్సీ నాలుగు రెట్లు బరువెక్కి కూర్చుంటుంది. లేని డార్క్ మ్యాటర్‌ని పుట్టించే దారి ఇదిగో, చూపించింది ఈ మెసేజే! ఒకమ్మాయి నా దగ్గరికి తెచ్చిన ప్లాటులో జరిగింది సరిగ్గా ఇదే. వారాల తరబడి రాసుకున్న చాప్టరు పక్కన పడేయాల్సి వచ్చింది. ఫార్వర్డ్ కొట్టిన పెద్దమనుషులు ఆ అమ్మాయికి ఏం జవాబు చెబుతారు?

మిగిలింది రెండో పాయింటు: "ఒకే ఫైలుకి రెండు సాఫ్ట్‌వేర్లు రెండు జవాబులిస్తాయి." ఇది నిజం. మోసమన్న మాట తప్పు కానీ ఫిర్యాదు న్యాయమైనదే. మనం ఏమీ చెప్పకపోతే పైన్‌బాడీ ప్రొఫైల్‌ని వలయాలుగా కడుతుంది, గోళాకార పొరలు కావాలంటే మూడు డైమెన్షన్లని మనమే అడగాలి. సగటులో తూకం ద్రవ్యరాశికి వేస్తుంది, టెలిస్కోపుతో పోల్చేవాళ్లకి కావలసిందేమో కాంతి తూకం. ఒక దిశ సిగ్మాకీ మూడు దిశలూ కలిపిన సిగ్మాకీ, అన్ని వైపులా వేగాలు సమానంగా చెదిరిన చోట, 1.73 రెట్ల తేడా. అయినా అచ్చయిన పేపర్లలోనే బొమ్మ కింద ఉత్త "సిగ్మా" అని రాసి వదిలేస్తారు. ఏ సిగ్మానో తెలియక తల పట్టుకున్న సందర్భాలు నాకూ ఉన్నాయి. బిన్నులో ఎన్ని కణాలో కూడా చాలామంది చెప్పరు. 50 ఉంటే సిగ్మాలో అనిశ్చితి 10 శాతం, 10 ఉంటే 22 శాతం. 2018లో ఎన్‌జీసీ 1052-డీఎఫ్2 అనే గెలాక్సీలో డార్క్ మ్యాటర్ దాదాపు లేదని ప్రకటించింది పది నక్షత్ర గుచ్ఛాల వేగాలు చూసి. అంత తక్కువ సంఖ్య మీద సిగ్మా కట్టొచ్చా అని అప్పుడు పెద్ద వాదనే నడిచింది.

ఏ కేంద్రం, ఏ దిశ, వలయమా పొరా, ఏ తూకం, బిన్నుకి ఎన్ని కణాలు, ఇవన్నీ బొమ్మ కిందే రాయమని మా పిల్లలకి చెప్పాను. అవి లేని ప్లాటు వస్తే వెనక్కి పంపేస్తున్నాను, పైన్‌బాడీతో కట్టిందైనా సరే.