నక్షత్రాల కింద పూడిపోయిన ఫిర్యాదు

అచ్చు పనులకు వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును, ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామును ఒంగోలులో ఇంటి దగ్గరే కూర్చుని రాసి, సోర్సు కోడుతో సహా అందరికీ ఉచితంగా పెట్టి నాలుగేళ్లయింది. నేను దాన్ని పెట్టిన, కోడు పంచుకునే వెబ్‌సైటు తెరవగానే ఒకప్పుడు ఏ ఫైలులో ఏ వరుస మారిందో, ఎవరు ఏ తప్పు పట్టుకున్నారో కనిపించేది. ఇప్పుడు ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారు, ఎవరు దేనికి నక్షత్రం (మెచ్చుకోలు గుర్తు) ఇచ్చారు, ఎవరికి ఏ పతకం వచ్చింది అన్నవే తెర నిండా పరుచుకుంటున్నాయి. కందుకూరు నుంచి ఒక తెలుగు మాస్టారు ‘లక్ష్మి’ అన్న మాటలో మ వత్తు ఎగిరిపోతోందని స్క్రీన్‌షాట్ తీసి మరీ పంపితే, ఆ సందడిలో అది నా కంట పడడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటికే ఆయన బడి సంచిక అచ్చుకు వెళ్లిపోయింది. ఆ అచ్చుతప్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అవసరమైన మాట కనిపించకుండా పోవడం నా ఒక్క ప్రాజెక్టుకే పరిమితం కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో (ఫైళ్ల సైజు తగ్గించడానికి ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడులో) బయటివారు రహస్యంగా చొరబడేందుకు పెట్టిన దొంగదారి బయటపడింది. రెండేళ్లకు పైగా సాయం చేస్తున్నట్టు నటించిన వ్యక్తి దాన్ని చొప్పించగా, లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పట్టుబట్టి వెతకబట్టి దొరికింది. ఇది జీతం లేని పని అని ఆ లైబ్రరీ నిర్వాహకుడు 2022లోనే చెప్పుకున్నారు. కోడు పంచుకునే వెబ్‌సైటును నడిపేవారికి నా విన్నపం ఒక్కటే: ఏ ప్రాజెక్టును ఒక్క మనిషే మోస్తున్నాడో, ఎవరికి చేయూత కావాలో ముందు పేజీలో చూపించండి. మాస్టారి లాంటివారి ఫిర్యాదులను నక్షత్రాలకు పైన పెట్టండి.