ఖార్టూమ్ కలరా కూడా యుద్ధ వార్తే

2025 మే నెలలో, అంతర్యుద్ధం నడుస్తున్న సూడాన్ నుంచి రెండు బ్రేకింగ్ న్యూస్‌లు వచ్చాయి. రాజధాని ఖార్టూమ్‌ను ఆనుకుని ఉన్న ఓందుర్మాన్‌లో విద్యుత్ కేంద్రాలపై డ్రోన్ దాడులు, ఆ తర్వాత వారం వ్యవధిలో కలరాకు 172 మంది బలి. మొదటిది యుద్ధం, రెండోది ఆరోగ్యం అన్నట్టుగా చదివాం. నా అభ్యంతరమంతా అక్కడే. ఇవి రెండు వార్తలు కావు. కరెంటు పోయింది, నీటి పంపులు ఆగిపోయాయి, కుళాయిలు ఎండిపోయిన జనం శుద్ధి చేయని నైలు నది నీళ్లే తెచ్చుకుని తాగారు. డ్రోన్ తగిలి చనిపోతే యుద్ధ మృతుడు, విరేచనాలతో పోతే రోగి! దాడి చేసినవాడికి ఇంతకన్నా కలిసొచ్చే లెక్క ఏముంటుంది?

కలరా 2024 నుంచే ఉంది, సూడాన్‌లో వానలు పడితే వస్తూనే ఉంటుంది, యుద్ధానికి అంటగట్టొద్దని కొందరంటారు. క్రిమి ముందే ఉన్నమాట నిజమే. కానీ మే నెలలో ఖార్టూమ్‌కు ఇంకా వానాకాలం రాలేదు.

'యుద్ధంలో ఎవరు మాత్రం ఏం చేస్తారు' అనే మాట మరీ ఘోరం. 1971లో తూర్పు పాకిస్తాన్ శరణార్థులతో కిక్కిరిసిన బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో ఏం జరిగిందో చూడండి. కలరా రోగులు ఆసుపత్రి నేల మీదే పడి ఉన్నారు. సెలైన్ అయిపోవస్తోంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కలిపిన నీళ్లను కుళాయి బిగించిన డ్రమ్ముల్లో నింపించారు. రోగుల తాలూకు వాళ్లే కప్పులతో పట్టుకెళ్లి తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో నాలుగు శాతం లోపుకి దిగాయి. ఇవాళ మన ఊళ్లో మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ ప్యాకెట్ దాదాపు అలాంటిదే. అది ఉండి కూడా ఖార్టూమ్‌లో అంతమంది పోయారంటే, ఆ చావులు క్రిమి ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడానికి లేదు.

అదే మే నెలలో మన దగ్గర ఆపరేషన్ సిందూర్ నడిచింది. కార్యక్రమాల్లో సైరన్ మోతలు వాడొద్దని కేంద్ర హోంశాఖే చానళ్లకు చెప్పాల్సి వచ్చింది. మోత మీద ఉన్న ఆ మోజే అసలు జబ్బు. పేలింది కనిపిస్తే చాలు, దాని వెనక ఆగిపోయిన పంపు మనకు పట్టదు. విద్యుత్ కేంద్రంపై దాడి అని స్క్రోలింగ్ వేసే ప్రతి డెస్కూ ఆ కరెంటుతో ఏ నీటి కేంద్రం నడుస్తుందో, అక్కడ క్లోరిన్ ఎన్ని రోజులకు ఉందో, ఓఆర్ఎస్ ఎవరు చేరవేస్తున్నారో అదే రోజు అడిగి, అదే స్క్రోలింగ్‌లో వేయాలి.