ఇంటర్నెట్ తీగకు వేరు కాపురమా?

కొత్తగా ఇల్లు కట్టుకునేవారిలో ఈమధ్య ఒక దురాచారం ప్రబలుతోంది. కరెంటు తీగలకు ఒక పైపు, ఇంటర్నెట్, టీవీ, కెమెరా, స్పీకరు తీగలకు వేరే పైపు వేయించాలట. రెండూ పక్కపక్కన సాగేచోట అడుగు దూరమైనా ఉండాలట. ఒకదాన్నొకటి దాటక తప్పనిచోట ఏటవాలుగా రాసుకుంటూ పోకుండా, నిలువుకు అడ్డంగా ఒక్కచోటే దాటాలట. ఉమ్మడి కుటుంబాలు ఎలాగూ చెదిరిపోయాయి. కనీసం గోడలోపలి తీగలనైనా కలిసి బతకనివ్వని ఈ ధోరణిని ఖండించడం సంప్రదాయాభిమానిగా నా బాధ్యత అనుకుంటున్నాను.

మా ఇంట్లో ఆ అపచారం జరగలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను. స్లాబు పోసే ముందురోజు, సెంట్రింగు మీద ఇనుప చువ్వల నడుమ పైపులు పరుస్తున్న ఎలక్ట్రీషియన్ని, "హాల్లోకి ఇంకో పైపు వేద్దామా బాబూ?" అని భయపడుతూనే అడిగాను. అతను పంటితో తొడుగు లాగుతున్న తీగముక్కను నోట్లోంచి తీసి, నా వైపు జాలిగా చూసి, "ఎందుకు సార్ దండగ? ఇందులో పోయేది నాలుగు తీగలు, ఇంకా బోలెడంత ఖాళీ. ఇరవై ఏళ్లుగా ఇట్లాగే లాగుతున్నా, ఒక్కరూ కంప్లైంటు ఇవ్వలేదు" అన్నాడు. ఇరవై ఏళ్ల కిందట అతను లాగిన పైపుల్లో ఇంటర్నెట్ తీగ ఉండేదా అని అడగడం మర్యాద కాదు కనుక ఊరుకున్నాను. మిగిలిన పైపు డబ్బులతో మర్నాడు కాంక్రీటు కూలీలకు రెండుసార్లు టీ ఇప్పించాను.

గృహప్రవేశం నాడు ఆ ఉమ్మడి కాపురం నోరు విప్పింది. వ్రతం హాల్లో, భోజనాలు డాబా మీద. పైనున్నవారికీ కథ వినబడాలని మైకు తీగను హాల్లోంచి డాబా మీది యాంప్లిఫయరుకు ఆ పైపులోంచే లాగించాం. పురోహితుడు గొంతు సవరించుకోకముందే స్పీకర్లలో ఒక గంభీరమైన నాదం మొదలైంది. ఆయన అది ఓంకారమేమోనని కళ్లు మూసుకున్నారు. సంగీతం నేర్చుకున్న మా పెద్దమ్మ మాత్రం చెవి రిక్కించి, "అయిదు శ్రుతికి రవంత హెచ్చుగా ఉందిరా" అని తేల్చింది. ఆమె చెవి గొప్పది. మన దేశపు కరెంటు సెకనుకు యాభై ఆవర్తాలు తిరుగుతుంది కనుక దాని రొద యాభై దగ్గరా, దానికి రెట్టింపు అయిన వంద దగ్గరా పలుకుతుంది. అయిదు శ్రుతి కింది స్థాయిలో సెకనుకు తొంభై ఎనిమిది ఆవర్తాలు. ఉక్క పోస్తోందని ఎవరో ఫ్యాను రెగ్యులేటరు తిప్పేసరికి ఆ నాదానికి జుర్రుమనే గమకం కూడా తోడైంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు అలను సెకనుకు వందసార్లు ముక్కలు కోస్తుంది. గమకం దాని ప్రసాదమే. ఉచితంగా శ్రుతిపెట్టె దొరికితే బంధువులెందుకు చెవులు మూసుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. తీగలకు అంత గడువు అక్కర్లేదు. ఒక తీగలో మారుతూ ఉండే కరెంటు పక్క తీగను తాకకుండానే అందులో కరెంటు పుట్టించగలదని 1831లో ఫారడే అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తెలుసుకున్నాడు. పాపం, ఆయన ప్రయోగశాలలో చేసినదాన్ని మనం ప్రతి గదిలోనూ ముప్పై అడుగుల పొడవున చేస్తున్నాం. మైకునుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు. పక్కన పడుకున్నది 230 వోల్టులు, అంటే లక్ష రెట్లకు పైమాట. ఏనుగు పక్కన చీమను పడుకోబెట్టి, చీమ గురక వినబడటం లేదని ఫిర్యాదు చేయడం మన అత్యాశ. ఎంత దూరం కలిసి నడిస్తే ఏనుగు గురక అంత ఎక్కుతుంది. పాతరకం కెమెరాలకైతే ఈ గురక కంటికి కూడా కనబడుతుంది. దొంగ ముఖం మీదుగా అడ్డపట్టీలు తీరిగ్గా పైకి పాకుతాయి.

వేరు కాపురపు వాదులకు జవాబుగా మావాళ్లు టెలిఫోను గ్రాహం బెల్‌ను తెస్తారు. రెండు తీగలను జడలా మెలివేస్తే బయటి రొద రెండింటిలోనూ సమానంగా పడి, చివరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుందని గ్రహించి 1881లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. నేటి ఇంటర్నెట్ తీగలో అలాంటి జడలు నాలుగుంటాయి, ఒక్కో జడ మెలిక ఒక్కో తీరు. ఆ ధైర్యంతోనే మా ఇంటి ఇంటర్నెట్ ఉమ్మడి పైపులో బాగానే నడిచిందని ఒప్పుకోవాలి. సినిమా మధ్యలో ఆగినప్పుడల్లా కరెంటు తీగను ఆడిపోసుకోవడం అన్యాయం. చాలాసార్లు ఆ పాపం మరెవరిదో.

అయితే ప్రతిపక్షం దగ్గర రొద కంటే మొండి వాదన ఒకటుంది. ఇంటి కరెంటు తీగ తొడుగు మీద 1100 వోల్టులని అచ్చు వేసి ఉంటుంది. సిగ్నల్ తీగ పలుచని తొడుగుకు అలాంటి హామీ లేదు. పైపులోకి స్ప్రింగు దూర్చి, సబ్బునీళ్లు పోసి, "లాగు, ఇంకా లాగు" అంటూ ఇద్దరు మనుషులు గుంజేటప్పుడు మలుపు దగ్గర తొడుగు చీరుకుపోతే ఎవరికీ కనబడదు. అప్పుడు 230 వోల్టులు తమ దారి మార్చుకుని, రౌటరుకో, టీవీకో, పిల్లవాడి చేతిలోని హెడ్‌ఫోనుకో చుట్టపుచూపుగా వెళ్తాయి. అందుకే ఇళ్ల వైరింగుపై ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ ప్రమాణం, కలిపి ఉంచితే అన్ని తీగలకూ అందులోని అత్యధిక వోల్టేజీని ఆపే తొడుగు ఉండాలంటుంది, లేదా విడదీయమంటుంది. ఇంత షరతు పెట్టినవాళ్లు ఉమ్మడి కుటుంబంలో పెరిగి ఉండరు.

మా సిద్ధాంతం వీధిలోనూ అమల్లో ఉంది. కరెంటు స్తంభం మీద కేబుల్ టీవీ, ఇంటర్నెట్ తీగలు కొంగల గూడులా అల్లుకుని ఉంటాయి. వీధి ఇంటర్నెట్ తీగ లోపలుండే గాజుపోగుకు కరెంటు పట్టదు నిజమే, దాన్ని మోయడానికి పక్కనే పెట్టే ఉక్కు తీగకు బాగా పడుతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత సిబ్బంది స్తంభాలెక్కి కేబుళ్లను గుత్తులు గుత్తులుగా కోసి కింద పడేశారు. అప్పుడు నగరం గట్టిగా అడిగిన ప్రశ్న, ఇంటర్నెట్ మళ్లీ ఎప్పుడొస్తుందని.

మా ఇంట్లో చివరికి తీగలను విడదీయాల్సిందేనన్న ఇల్లాలి పట్టుదలే నెగ్గింది. గోడ పగలగొట్టించే ఖర్చు విన్నాక, ఇంటర్నెట్ తీగను పైపులోంచి ఊడబెరికి బయటినుంచి, కిటికీ దోమతెరకు చిల్లు పెట్టి తెప్పించాం. తీగతోపాటు దోమలూ వస్తున్నాయి. పని చేసిన కుర్రాడికి విషయమంతా వివరించి, కరెంటుకు దూరంగా లాగమని రెండుసార్లు చెప్పాను. "సరే అంకుల్" అన్నాడు. సాయంత్రం డాబా ఎక్కి చూస్తే, తీగ గాలికి ఊగకూడదని, అడుగడుగునా తెల్లటి ట్యాగు బిగించి, ఏసీ కరెంటు తీగకు ఎంతో పొందికగా కట్టి వెళ్లాడు.