స్క్రోలింగన్నా, జర ఆగరాదె!

హన్మకొండ

వెబ్‌సైట్ల నెత్తి మీద కుడి దిక్కుకెల్లి ఎడమ దిక్కుకు అక్షరాలను ఉరికిస్తున్న స్క్రోలింగన్నకు నమస్తె.

విషయం: తమరు ఒక్క తాన నిలబడుట గురించి.

అన్నా, నీ అసలు పేరు మార్క్వీ ట్యాగ్, అక్షరాలను నడిపించే ఒక చిన్న కోడ్ ముక్క. 1990లల్ల ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజర్ ఇంట్ల పుట్టినవు. అదే కాలంల నెట్‌స్కేప్ అనే ఇంకో బ్రౌజర్ ఇంట్ల పుట్టిన బ్లింక్ ట్యాగ్ మిణుకుమిణుకుమని అందరి కండ్లు గుంజేటిది. 2013ల ఫైర్‌ఫాక్స్ దాన్ని సాగనంపింది. నిన్ను మాత్రం ఎవ్వరు పంపలే. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ ప్రమాణంల ‘కాలం చెల్లింది, వాడొద్దు’ అని రాసిపెట్టిన్రు గని, పాత పేజీలు చెడిపోవద్దని బ్రౌజర్లు నిన్ను మోస్తనే ఉన్నయ్. రిటైరైనంక గూడ రోజు పదింటికి ఆఫీసుకొచ్చి పాత కుర్చీలనే కూసునే పెద్దసారు లెక్క.

వరంగల్ల, కరీంనగర్ల, జగిత్యాలల కొత్తగ సైట్ పెట్టేటోళ్లకు నువ్వంటె ఎంత పావురమో! డిగ్రీ కాలేజీ, ఫంక్షన్ హాల్, ఎరువుల దుకాణం, కోచింగ్ సెంటర్, ఏదైనా సరే, ముందుగాల నీకే జాగ. కోడింగ్ ఇప్పుడే పట్టుకున్న పిల్లగాండ్లకైతె నువ్వే తొలి గెలుపు: ఒక్క ట్యాగ్ రాస్తె అక్షరాలు నడిచినయ్! ఓనర్ గూడ ఖుష్. కదులుతున్నదంటె ఇచ్చిన పైసలకు పని జరిగినట్టే అని ఆయన లెక్క. చదివేటోని లెక్క మాత్రం ఎవ్వరు తీయలే. మేం తీసినం, ఇను.

వేగం ఇంత అని చెప్పకుంటె నువ్వు 85 మిల్లీసెకన్లకు 6 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) జరుగుతవు. అంటె సెకనుకు దగ్గర దగ్గర 70. పరీక్ష ఫీజు గురించి రెండు వాక్యాల నోటీసు 1200 పిక్సెళ్ల పొడుగున్నదనుకుందాం. ఫోన్ తెర వెడల్పు బ్రౌజర్ లెక్కల 360. మొదటి అక్షరం కుడికెల్లి తొంగి చూసిన కాడికెల్లి ఆఖరి అక్షరం ఎడమకు మాయమయ్యేదాక నువ్వు నడిచేది 1560 పిక్సెళ్లు, అంటె 22 సెకన్లు. ఒక్కో అక్షరం కండ్ల ముంగట ఉండేది 5 సెకన్లు. మరి చివరి తేదీ ఏడుంటది? పేరుకు తగ్గట్టు చివరికే. పిల్లగాడు పెన్ను తీసెలోపట తేదీ ఎడమ దిక్కు గోడల కలిసిపోతది, మళ్ల ‘ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా’ కాడికెల్లి మొదలు. కాజీపేట జంక్షన్ల రైలు తప్పినోడు గూడ తర్వాతి రైలు కోసం ఇంత పరేషాన్ కాడు.

‘మౌస్ పెడితె ఆగుతడు సార్’ అని నీ తరఫు వకీలు అంటడు. నిజమే, మౌస్ మీదికి రాంగనే ఆగేటట్టు ఒక ముక్క కోడ్ రాసి పెడ్తరు. ఫోన్ల మౌస్ ఏడికెల్లి తేవాలె? వెబ్‌సైట్లు అందరికీ అందుబాటుల ఉండాలని రాసుకున్న డబ్ల్యూసీఏజీ నియమాలల్ల 2.2.2 నంబరుది నీ కోసమే రాసినట్టున్నది: దానంతటదే మొదలై, 5 సెకన్లు దాటి, వేరే మ్యాటర్ పక్కపొంటి కదిలేది ఏదున్నా, ఆపెటందుకు చూసేటోని చేతికి ఒక ఉపాయం ఇయ్యాలె. నీ వయసుకు ఆ బటన్ పెట్టుడు కంటె నిన్ను ఇంటికి పంపుడే అగ్గువ.

నీ జాగల ఏం పెట్టాలెనో చెప్తం. ‘నోటీసులు’ అని ఒక హెడ్డింగ్, కింద నాలుగు లైన్లు. లైన్ల ముందుగాల తేదీ, తర్వాత సంగతి: ‘మార్చి 12 లోపు: మూడో సెమిస్టర్ ఫీజు’. ప్రతి లైన్ ఒక లింక్. గడువు దాటిన నోటీసు తెల్లారి పాతవాటిల్లకు పోవాలె. ఇంతే. ఓరుగల్లు కోటల నాలుగు తోరణాలు వందల ఏండ్ల సంది కదలక నిలబడే ఉన్నయ్, మనుషులే వాటి కిందికెల్లి నడుస్తరు. వాటిని చూడనోడెవడు?

నీ చుట్టాల సంగతి గూడ జర మాట్లాడాలె. ఎర్రగ ఎగిరే ‘న్యూ’ బొమ్మ, మూడేండ్ల కిందటి నోటీసు పక్కన ఇంకా కొత్తపెండ్లికొడుకు లెక్కనే దుంకుతది. ఎంతమంది వచ్చిన్రో లెక్కపెట్టే విజిటర్ కౌంటర్ గురించి ఏం చెప్పాలె, ఓనరే రోజుకు పదిసార్లు తెరిచి చూసుకుంటడు.

అసలు ఘనుడు మీ బావ స్లైడర్. ఫంక్షన్ హాల్ సైట్ల ఆయనదే రాజ్యం: పది ఫోటోలు, ఒకటెన్క ఒకటి వాటంతటవే జరుగుతయ్. ఫోన్ల తీసిన ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 4 ఎంబీ బరువు, తీసింది తీసినట్టే ఎక్కిస్తరు. పదికి 40 ఎంబీ. ఊర్ల 2 ఎంబీపీఎస్ వేగం వస్తున్నదనుకుంటె 160 సెకన్లు. పిల్ల తండ్రి అంతసేపు చూస్తడా? ఇంకో హాలుకు ఫోన్ కొడ్తడు. అదే ఫోటోను 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, జేపీజీ క్వాలిటీ 75 కాడ పెట్టి సేవ్ చేస్తె 200 కేబీ అటుఇటు దిగుతది. పదికి 2 ఎంబీ, 8 సెకన్లు. ఫోన్ తెరల అసలు చుక్కలు లెక్కపెడితె వెడల్పు చానవరకు 1080 పిక్సెళ్లే, 4000 ఎవ్వలికి కనబడయ్. ఇంకో రెండు పనులు: ప్రతి ఫోటోకు వెడల్పు, ఎత్తు కోడ్ల రాయాలె, లేకుంటె ఫోటో వచ్చినప్పుడల్లా పేజీ కిందికి దుంకి, ఒకటి నొక్కబోతె ఇంకోటి తెరుచుకుంటది. కింద ఉన్న ఫోటోలకు లేజీ లోడింగ్ పెట్టాలె, అంటె అక్కడిదాక జరిపినప్పుడే ఫోటో దిగాలె, పైన కనబడే మొదటి దానికి మాత్రం పెట్టొద్దు, అదే ఆలస్యమైతది. అయినా ఆ తండ్రికి కావాల్సింది ఎంతమంది పడ్తరు, పార్కింగ్ ఉన్నదా, కిరాయి ఎంత, నంబర్ ఏది. ఆ నంబర్ గూడ ఫోటోల రాస్తరు! టెల్ లింక్ చేసి, 48 పిక్సెళ్ల ఎత్తు బటన్ పెడితె బొటనవేలు తాకంగనే కాల్ పోతది.

పేజీ మొత్తం చీమల లెక్క కనబడితె తప్పు నీది కాదులే. పేజీని ఎంత వెడల్పుల పరచాలెనో బ్రౌజర్‌కు చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మరిచిపోయిన్రు. అది లేకుంటె ఫోన్ బ్రౌజర్ తెరను 980 పిక్సెళ్ల వెడల్పనుకొని పేజీ పరిచి, తర్వాత 360కి కుదిస్తది. 16 పిక్సెళ్ల అక్షరం 6కు పడిపోతది. విడ్త్‌ను డివైస్ విడ్త్‌కు సమానం చేసే ఒక్క లైన్ హెడ్‌ల రాస్తె తీరిపోయే బాధ.

రంగులు. ఎనుమాముల మార్కెట్ల పోసిన మిర్చి రాశి లెక్క నిండు ఎరుపు, దాని మీద నిండు పసుపు అక్షరాలు. చూసెటందుకు శుభకార్యమే. ఆ రెండింటి కాంట్రాస్ట్, అంటె వెలుగుల తేడా లెక్క, 3.7, మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలె. పెద్ద హెడ్డింగ్‌కు 3 చాలు గనుక అక్కడ వరకు ఒప్పుకుంటం. ఎరుపును మెరూన్ దాక ముదరనిస్తె అదే పసుపుకు 10 వస్తది, శుభం గూడ ఏడికి పోదు.

ఇగ తెలుగు. డీటీపీ సెంటర్ల ‘అను’ అనే పాత ఫాంట్‌తోని కొట్టిన మ్యాటర్‌ను సైట్ల పేస్ట్ చేస్తె ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలిసి పిచ్చిగీతలైతయ్. ఎందుకంటె ఆ పాత ఫాంట్లల్ల తెలుగు బొమ్మలు ఇంగ్లీష్ అక్షరాల జాగల కూసుంటయ్. ఫాంట్ లేని ఫోన్ల ముసుగు జారుతది. అప్పుడు డిజైనర్ ఏం చేస్తడు? మొత్తం మ్యాటర్‌ను ఫోటో చేసి ఎక్కిస్తడు. అండ్లకెల్లి ఒక్క ముక్క కాపీ కాదు, చూపు లేనోళ్లకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అండ్ల మాటే ఉండదు. తెలుగుకు, అన్ని భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌ల 1991 సంది సొంత జాగ ఉన్నది అన్నా. కన్వర్టర్‌ల వేసి యూనికోడ్‌కు మార్చాలె, మార్చినంక ఒత్తులు, సున్నాలు ఒకసారి కండ్లతోని సరిచూసుకోవాలె. లైన్ హైట్ (అక్షరం సైజుకు ఎన్ని రెట్లు జాగ) ఇంగ్లీష్ సైట్ల చూసి 1.2 పెడితె పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడుల మీద ఎక్కి కూసుంటయ్, 1.7 పెట్టు. అక్షరాల నడుమ ఎడం పెంచొద్దు. ఇటాలిక్ అసలే వద్దు, బ్రౌజర్ తెలుగును బలవంతంగ పక్కకు వంచుతది, గాలివానకు పడ్డ వరి తీరు. పేజీ భాష తెలుగని కోడ్ల చెప్పుడు గూడ మరువొద్దు.

జవాబు రాసేదుంటె ఒక్క తాన నిలబెట్టి రాయి. తేదీ ముందు పెట్టు.

ఇట్లు,
మూడో రౌండ్ల గూడ చివరి తేదీ అందుకోలేనోళ్లు