జైలుకెళ్లొచ్చినంత మాత్రాన ఓటు పోదు

ఎన్నికలొస్తే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ మళ్లీ లేచి తిరుగుతుంది. "నాయకుడు రెండు చోట్ల పోటీ చేయొచ్చు, నువ్వు రెండు చోట్ల ఓటు వేయలేవు. నువ్వు జైల్లో ఉంటే ఓటు వేయలేవు, నాయకుడు జైల్లో ఉండి కూడా పోటీ చేయొచ్చు. నువ్వు ఒక్కసారి జైలుకెళ్తే జన్మలో సర్కారు ఉద్యోగం రాదు, నాయకుడు ఎన్నిసార్లు వెళ్లొచ్చినా మంత్రి కావచ్చు." దాని కింద ఎవరో ఒకరు "అసలు శిక్ష పడినవాడికి ఓటెక్కడిది" అని తగిలిస్తారు.

మొదటి మాట నిజమే. ఎన్నికల చట్టానికి 1996లో చేసిన సవరణ తర్వాత కూడా ఒకరు రెండు స్థానాల్లో పోటీ చేయొచ్చు. రెండూ గెలిస్తే ఒకటి వదిలేస్తారు, ఉప ఎన్నిక ఖర్చు మన నెత్తిన పడుతుంది. ఆ కోపం సబబే. పేచీ మిగతావాటితోనే.

ముందు ఆ కింద తగిలించిన మాట సంగతి. ఓటర్ల జాబితాలో ఎవరి పేరు ఉండకూడదో 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ చెబుతుంది: పౌరులు కానివాళ్లు, మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినవాళ్లు, ఎన్నికల అక్రమాల వల్ల అనర్హులైనవాళ్లు. దొంగతనం, దొమ్మీ, హత్య ఇందులో లేవు. హత్య కేసులో శిక్ష అనుభవించి ఇంటికొచ్చిన మనిషి నిక్షేపంగా ఓటు వేయొచ్చు. ఓటుకు డబ్బిచ్చినట్టు రుజువై శిక్ష పడినవాడికి మాత్రం ఆరేళ్లు ఓటు లేదు. ఈ రెండోది గట్టిగా అమలైతే మన ఊళ్లలో పోలింగ్ బూత్‌లు ఎంత ఖాళీ అవుతాయో ఊహించుకోండి.

"జైల్లో ఉంటే ఓటు వేయలేవు" అన్నది చాలావరకు నిజం. అదే పేరుతో ఉన్న 1951 చట్టం 62(5) సెక్షన్ ఆ మాటే అంటుంది. కానీ అది శిక్ష పడిందా లేదా అని చూడదు, పోలింగ్ రోజున మనిషి ఎక్కడున్నాడన్నదే చూస్తుంది. కింది కోర్టులో శిక్ష పడి, అప్పీలు చేసుకుని బెయిల్ మీద బయటున్నవాడు వెళ్లి వేలికి సిరా వేయించుకుంటాడు. ఇంకా చార్జిషీటే పడని రిమాండ్ ఖైదీ వేయలేడు. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో ఇద్దరు ష్యూరిటీలను తెమ్మంటే, కూలి పనికి వేరే జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు ఇంటి పన్ను రసీదు ఉన్న ఇద్దరిని ఎక్కణ్నుంచి తెస్తాడు? బెయిల్ ఆర్డరు చేతికొచ్చినా లోపలే ఉంటాడు. మెసేజ్‌కి కోపం రావాల్సింది ఇక్కడ.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ముందస్తు నిర్బంధంలో, అంటే నేరం చేస్తారేమోనని ముందుగానే లోపలేస్తే, ఉన్నవాళ్లకు ఆ నిషేధం లేదు, వాళ్లు పోస్టల్ బ్యాలెట్‌తో ఓటు వేయొచ్చు. అంటే పీడీ యాక్ట్ కింద 'గూండా' అని ముద్రవేసి లోపలేసిన మనిషికి ఓటుంది, పక్క బ్యారక్‌లోని సెల్‌ఫోన్ కేసు కుర్రాడికి లేదు. 1997లో సుప్రీంకోర్టు 62(5)ను సమర్థిస్తూ చెప్పిన కారణాల్లో పోలీసు బందోబస్తు, వనరుల కొరత ఉన్నాయి. ఒక ఖైదీ దగ్గరికి కవరు వెళ్లగలిగినప్పుడు పక్క ఖైదీ దగ్గరికి ఎందుకు వెళ్లలేదో నాకైతే అర్థం కాదు.

ఇక నాయకుడి సంగతి. జైల్లో ఉన్న నాయకుడు కూడా ఓటు వేయలేడు. 2024లో తీహార్ జైల్లో ఉండి కశ్మీర్‌లోని బారాముల్లా ఎంపీగా గెలిచిన ఇంజినీర్ రషీద్‌కు తన ఓటు తనకు వేసుకునే దారి లేదు. జైల్లోంచి పోటీ చేసే వీలు మామూలు విచారణ ఖైదీకీ ఉంది. నిజానికి ఓటు వేయలేనివాడు పోటీ కూడా చేయకూడదని 2013 జులైలో సుప్రీంకోర్టు అంది. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం మార్చింది: జైల్లో ఉన్నా జాబితాలో పేరున్నవాడు ఓటరే, కాబట్టి పోటీ చేయొచ్చు. నామినేషన్‌కు అడ్డం తీసేశారు, బ్యాలెట్‌కు మాత్రం అలాగే ఉంచారు. ఎవరికి ఏది అవసరమో వాళ్లకు బాగా తెలుసు.

"ఎన్నిసార్లు వెళ్లొచ్చినా మంత్రి" అన్నది పూర్తిగా నిజం కాదు. రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితే అనర్హత వెంటనే మొదలై, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు ఉంటుంది. అప్పీలు పేరుతో పదవి పట్టుకుని వేలాడే వెసులుబాటును 2013లోనే కోర్టు కొట్టేసింది. ఉద్యోగం విషయంలోనూ 'జన్మలో రాదు' అన్న రూలు లేదు. చిన్న కేసును నియామక అధికారి పట్టించుకోకుండా వదిలేయవచ్చని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆచరణలో ఇబ్బంది పెడతారు, అది వేరే సంగతి.

ఈ మెసేజ్ నమ్మి విడుదలైనవాళ్లు ఓటరు జాబితా వైపు తొంగి కూడా చూడకపోతే నష్టం వాళ్లకే. లోపల ఉన్న కాలంలో ఇంట్లో లేరని పేరు తీసేసి ఉంటే ఓటు నమోదు దరఖాస్తు ఫారం 6 నింపి బూత్ స్థాయి అధికారికి (బీఎల్‌ఓ) ఇవ్వాలి, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. అందులో వయసు, చిరునామా అడుగుతారు. కేసులున్నాయా అని అడిగే గడి లేదు.