పావుగంట ప్రాయశ్చిత్తం

నా ఫోనులో ఒక మీట ఉంది. గూగుల్ యాప్ తెరిచి, పై మూలన ఉన్న మన బొమ్మ మీద వేలు పెడితే కనబడుతుంది: ‘గత 15 నిమిషాలు తొలగించండి’. 2021లో దీన్ని మనకు ప్రసాదించారు. ఆనాటి నుంచి ఒకే ప్రశ్న నన్ను తినేస్తోంది. పదిహేనే ఎందుకు?

మన పంచాంగంలో అయితే ఘడియ అంటే 24 నిమిషాలు. రాహుకాలం గంటన్నర. వర్జ్యమూ దాదాపు అంతే. గ్రహాలకే ఇంత సమయం పడుతుంటే, మనిషి తప్పు చేసి, దాన్ని గుర్తించి, సిగ్గుపడి, చుట్టూ చూసి, చెరిపెయ్యడానికి పావుగంట చాలునని ఏ కాలిఫోర్నియా సిద్ధాంతి లెక్కగట్టాడో! నా సంగతి చెబుతున్నాను, నాకు సిగ్గు కలగడానికి తక్కువలో తక్కువ రెండు రోజులు పడుతుంది. మా ఆఫీసులో కొందరికి పదవీ విరమణ దాకా కలగలేదు. అలాంటివాళ్ల పదహారో నిమిషం మాటేమిటి? అది చరిత్రలో కలుస్తుంది. శిలాశాసనం అవుతుంది.

పూర్వం ఊళ్లో కరణం ఉండేవాడు. ఎవరి పొలం గట్టు ఎవరి వైపు జరిగిందో అన్నీ ఆయన లెక్కల్లో ఉండేవి. ఆయన మంచివాడని ఎవరూ అనలేదు. కానీ ఆయన ఇంటికి వెళ్లవచ్చు, అరుగు మీద కూర్చోవచ్చు, ఒక బుట్ట మామిడిపళ్లు దించవచ్చు. ఈ కొత్త కరణానికి అరుగు లేదు. పైగా రెండు పుస్తకాలు రాస్తాడు. ఒకటి బ్రౌజర్‌లో ఉంటుంది. క్రోమ్ అయితే అందులో 90 రోజుల సంగతులు ఉంటాయి. రెండోది మన ఖాతాలో, మై యాక్టివిటీ అనే పేరుతో, ఎక్కడో దూరపు కొట్టులో ఉంటుంది. మొదటి పుస్తకం తగలబెట్టి చేతులు దులుపుకొని వచ్చేవాళ్లే మనలో ఎక్కువ. రెండోది హాయిగా ఉంటుంది. దానికి గడువు పెట్టుకోమని దయతో మూడు అంకెలు ఇచ్చారు: 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు. 2020 జూన్ తరువాత తెరిచిన ఖాతాలకు 18 నెలలు దానంతట అదే వర్తిస్తుంది. అంతకుముందే తెరిచినవాళ్లు తామే వెళ్లి పెట్టుకోవాలి. పెట్టుకున్నారా? నాకు తెలుసు, పెట్టుకోలేదు.

దీన్ని వాళ్లు ‘మీ చరిత్రను మీరే నిర్వహించుకోండి’ అంటారు. అంటే మన మీద ఫైలు వాళ్లు తెరిచారు, దానికి గుమాస్తా ఉద్యోగం మనకిచ్చారు. జీతం లేదు.

ఆ ఉద్యోగం ఎంత కష్టమో మా మేనకోడలి పెళ్లిచూపులనాడు తెలిసింది. హాలులో 55 అంగుళాల టీవీ. అబ్బాయి తరఫున వాళ్ల పెదనాన్నగారు వచ్చారు. ఆయనకు ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. కంటికి కనబడిన ప్రతి అక్షరాన్నీ పైకి చదివే కొత్త ఉత్సాహంలో ఉన్నారు. కాఫీ అయ్యాక, “బాబూ, టీవీలో త్యాగరాజ కీర్తనలు వస్తాయా?” అని అడిగారు. మా మేనల్లుడు యూట్యూబ్‌లో వెతుకుడు పెట్టె తెరిచాడు. కీర్తనలు రాలేదు. పక్కన చిన్న గడియారం గుర్తుతో పాత వెతుకులాటలు వరుసగా దిగాయి.

పెదనాన్నగారు కళ్లజోడు సర్దుకున్నారు. అవసరం లేదు, అయినా సర్దుకున్నారు.

“‘జీడిపప్పు పకోడీ కరకరలాడాలంటే’... బాగుంది. ‘జీతం కాగితం నకిలీదో కాదో కనిపెట్టడం ఎలా’...” ఇక్కడ మా అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. “‘విగ్గు పెట్టుకున్నవారిని గుర్తుపట్టడం ఎలా’...”

హాలులో ఉన్న పద్నాలుగు జతల కళ్లు ఒక్కసారిగా అబ్బాయి తల మీదికి తిరిగాయి. పాపం అతను ఫ్యాను కింద కూర్చున్నాడు. జుట్టు ఎగురుతోంది. ఎగరడం మంచి లక్షణమో చెడ్డ లక్షణమో తేల్చుకోలేక మా పిన్ని కాస్త ముందుకు వంగి చూసింది.

ఈలోగా మా బావ జేబులోంచి ఫోను తీశాడు. ఆయన వేలు ఏ మీట మీద పడిందో చెప్పాలా? గత 15 నిమిషాలు! ఒకసారి కాదు, నాలుగుసార్లు నొక్కాడు. విగ్గు వెతికి ఇరవై రోజులైంది. పైగా టీవీలో ఉన్నది మా అక్క ఖాతా. కాబట్టి ఆ గండంలో బావ సమూలంగా నిర్మూలించగలిగింది తన సొంత ఫోనులో అంతకు కాసేపటి ముందు వెతికిన మిఠాయి దుకాణం చిరునామా ఒక్కటే. టీవీ మీద పెదనాన్నగారు అయిదో వరుసకు వచ్చారు: “‘సంబంధం వద్దని మర్యాదగా చెప్పడం ఎలా’.”

ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఆయన రిమోట్ కింద పెట్టి, “ఫరవాలేదండీ, మేమూ మీ ఇంటి సర్వే నంబరు వెతుక్కొనే వచ్చాం” అన్నారు.

సంబంధం కుదిరింది. జుట్టు అసలుదే.

ఇలాంటివాటికి క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అనే రహస్య కిటికీ ఉందిగా అంటారు మీలో తెలివైనవాళ్లు. ఉంది, టోపీ, కళ్లజోడు పెట్టుకున్న బొమ్మతో. ఆ టోపీ కిందా లెక్క రాస్తున్నారని 2020లో అమెరికాలో దావా వేశారు. 500 కోట్ల డాలర్లు అడిగారు. 2024 ఏప్రిల్‌లో తేలింది ఏమిటంటే, వందల కోట్ల రికార్డులు ధ్వంసం చేస్తామని గూగుల్ ఒప్పుకుంది. ఆ ఒప్పందంలో వాడుకరులకు పరిహారం ఒక్క డాలరూ లేదు. ఇక మనకు కనెక్షన్ ఇచ్చే కంపెనీలు వాడకపు రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో మన ప్రభుత్వం లైసెన్సు నిబంధన మార్చింది. వాళ్లకు రెండేళ్లు, మనకు పావుగంట. లెక్క సరిపోయింది.

అదే ఏడాది అక్టోబరులో హైదరాబాదు రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకొని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అనే మాట కొట్టి వెతికారు. వీడియోలు అందరూ చూశారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో చెప్పి అప్పటికి నాలుగేళ్లు. కార్లలో వెళ్లేవాళ్ల ఫోన్లు ఎన్ని అడిగారో గాని, ఆ వీడియోలలో నాకు కనబడినవి రెండు చక్రాల బండ్లే. నడిరోడ్డు మీద మనిషి మనసు విప్పి చూపించమంటే ఇవ్వక తప్పని స్థితిలో ఎవరుంటారో వాళ్లనే అడుగుతారు. సిగ్గులేని పని. దీనికి ఏ కొత్త మాటా వెతకను.

ఇంట్లోనూ అంతే. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఇంట్లో ఫోను ఒక్కటే. పగలు ఆమె దగ్గర, రాత్రి భర్త దగ్గర. ఒకరోజు, “అన్నయ్యా, ఫోనులో చూసినవి కనబడకుండా పోవాలంటే ఏం చేయాలి?” అని అడిగింది. ఎందుకని నేను అడగలేదు. ఇంతసేపు మీకు ఉపన్యాసం ఇస్తున్న ఈ మేధావి గర్వంగా ఫోను తీసుకొని, ‘మొత్తం కాలం’ ఎంచి, ఒక్క దెబ్బతో తుడిచి ఇచ్చాడు.

ఆ రాత్రి అతను తెరిచి చూశాడు. ఏమీ లేదు. నెలల తరబడి నిండుగా ఉన్న పుస్తకం ఒక్క పూటలో తెల్లగా ఉంటే, ఏం దాచావని అడగడానికి అతనికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నాలుగు రోజుల తరువాత జాకెట్టు తీసుకోవడానికి వెళితే మోచేతి పైన కమిలి ఉంది. ఆమె వెతికింది ఏమిటో అప్పుడు చెప్పింది: మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేస్తే ఇంటికి వస్తారా.

ఆ బొమ్మలు గీసినవాళ్లు, ఆ మీటలు బిగించినవాళ్లు, ‘మీ అనుభవాన్ని మెరుగుపరచడానికి’ అని రాసినవాళ్లు ఒక్కరైనా, రాత్రి ఎనిమిదింటికి ఫోను అప్పగించాల్సిన మనిషిని తలుచుకున్నారా? నేను తలుచుకోలేదు, వాళ్లను అనడానికి నాకూ నోరు లేదు. అయినా అంటాను.

ఒక్కొక్కటిగా ఎలా తీసెయ్యాలో తరువాత నేర్పాను. మిగతాది ఆమే కనిపెట్టింది. తీసేసిన వెంటనే వేరేవి రెండు మూడు వెతుకుతుందట. నిన్న మిషను ఆపి ఫోను నా ముందు పెట్టింది. పడవ మెడ జాకెట్టు, గుత్తివంకాయ కూర, వరలక్ష్మీ వ్రతం తేదీ, మళ్లీ జాకెట్టు చేతులు.

“ఇప్పుడు బాగుందా అన్నయ్యా?” అంది.

నేను పై నుంచి కింది దాకా చూశాను. ఎక్కడ కత్తిరించిందో, ఎక్కడ కలిపి కుట్టిందో నాకు కనబడలేదు.